వాపు తగ్గేదాకా

పోయిన ఏడాది జూన్‌లో నా ముక్కుకి ఆపరేషన్ జరిగింది. రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ ఒక పక్కకి ఒరిగిపోయి, ఏళ్ల తరబడి రాత్రిళ్లు నోటితోనే ఊపిరి పీల్చుకునేదాన్ని. దాన్ని సరిచేయించుకున్నానని కాలేజీలో అందరికీ చెప్పాను. అది నిజమే కానీ సగం నిజం. ముక్కు మీదున్న బుడిపెని కూడా అదే ఆపరేషన్‌లో తీయించుకున్నాను. ఇరవై ఏళ్లకి పైగా పిల్లలకి స్త్రీవాద సాహిత్యం చెబుతున్నదాన్ని. ఆ రెండో సగం చెప్పడానికి నోరు రాలేదు.

నా ఇరవై రెండో ఏట, పెళ్లిచూపుల్లో ఒక పెద్దావిడ “పిల్ల చక్కగానే ఉంది, ముక్కు దగ్గరే కాస్త మొరటు” అంది. ఆ సంబంధం కుదరలేదు. దానికి నేనేమీ ఏడవలేదు. కానీ ఆ మాట మాత్రం ముప్ఫై ఏళ్లుగా అద్దంలో నాతోపాటే ఉంది. ఆపరేషన్ నా ఇష్టంతోనే చేయించుకున్నాను. ఆ ఇష్టం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియనిది కాదు.

వారం తర్వాత కట్టు విప్పారు. కుడిపక్క ఉబ్బి ఉంది, ఎడమపక్క అంత లేదు. కొస కొంచెం పైకి లేచి ఒక వైపుకి తిరిగినట్టుంది. నా మొహం చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. “ఎముకని రెండు పక్కలా కదిపాం మేడమ్. రెండు పక్కలా దెబ్బ ఒకేలా పడదు, ఒకేలా మానదు. ఏ పక్కకి ఒత్తిగిలి పడుకుంటే ఆ పక్క పొద్దున్నే ఇంకాస్త ఉబ్బుతుంది. కళ్లకింద నలుపు రెండు మూడు వారాల్లో పోతుంది. కొస వాపు పూర్తిగా తీయడానికి ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా నా ముక్కు ఇదీ అని తీర్పు చెప్పుకోకండి.”

వాపుని చూసి బలుపనుకోవద్దంటారు. నేను వాపుని చూసి వంకర అనుకున్నాను. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకునేదాన్ని. నిన్నటిదానితో పోల్చేదాన్ని. అసలు ఏ మనిషి మొహమూ రెండు పక్కలా ఒకటిగా ఉండదన్నది చదివి తెలుసుకున్న విషయమే. ఆపరేషన్‌కి ముందు నా మొహమూ అలాగే ఉండుంటుంది. అప్పుడు కొలవలేదు, అంతే. మా అమ్మ మాత్రం “లావుగా ఉన్న పక్కన ముక్కుపుడక పెట్టుకోవే, ఎవరికీ తెలీదు” అని నవ్వింది.

ఈ రెండు పక్కల పిచ్చి నా ఒక్కదానిదే కాదని, సెలవులో పుస్తకాలు ముందేసుకున్నాక అనిపించింది. ముక్కు తిమ్మన పేరుకి కారణంగా చాటుకథల్లో చెప్పుకునే ఆ పద్యాన్నే తీసుకోండి. రామరాజభూషణుడి వసుచరిత్రలో కనిపిస్తుంది అది. తుమ్మెదలు తన దగ్గరికి రావడం లేదని సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుట్టిందట. అప్పుడు రెండు కళ్లే తుమ్మెదల గుంపులై చెరో పక్కనా చేరాయట. ఎంత అందమైన ఊహ! కానీ ఆ ముక్కు ఊపిరి తీసుకోదు. నడుమ నిలబడి రెండు పక్కలా సమంగా చూపులు అందుకోవడమే దాని పని.

దీనికి అవతలి కొసన శూర్పణఖ ఉంది. ఇష్టపడ్డ మగవాడిని నోరు తెరిచి అడిగినందుకు, సీత మీదికి వెళ్లినందుకు, ముక్కూ చెవులూ కోయించుకుంది. అంటే మన సాహిత్యంలో ఆడదాని ముక్కు ఉంటే సంపెంగలా ఉండాలి, లేకపోతే తెగిపోవాలి. ఈ రెంటి మధ్యన మానుతున్న ముక్కు నాకెక్కడా కనిపించలేదు.

చరిత్రలోనూ అంతే. ముక్కు కోయడం శిక్షగా ఉన్న దేశం కనకే ముక్కు అతికే విద్య ఇక్కడ పెరిగిందంటారు. చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. నుదుటి చర్మంతో కట్టే పద్ధతి యూరప్‌కి బాగా తెలిసింది 1794లో, లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ వల్ల. 1792 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్‌జీ అనే అతను టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కి ముక్కూ ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. పూణే దగ్గర ఇటుకలు చేసే కులస్తుడు ఒకతను అతనికి కొత్త ముక్కు పెట్టాడు. పత్రికలో వేసిన బొమ్మ ఆపరేషన్ అయిన పది నెలలకి గీసింది. ఆ పది నెలలూ అతను ఎలా ఉన్నాడో బొమ్మలో లేదు. ఇక శిక్షగా ముక్కు కోయించుకున్న ఆడవాళ్లకి పది నెలల తర్వాతి బొమ్మ కూడా దక్కలేదు.

అందుకే ఓల్గా ‘విముక్త’ని మళ్లీ తెరిచాను. 2010లో వచ్చి, 2015లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ఈ సంపుటిలో మొదటి కథ ‘సమాగమం’. అడవిలో తోట పెంచుకుంటున్న శూర్పణఖని, రాముడు వదిలేసిన సీత కలుసుకుంటుంది. ఒక మగవాడి కోసం శత్రువులుగా నిలబెట్టిన ఇద్దరు ఆడవాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం ఈ కథ చేసిన గొప్ప పని. శూర్పణఖ జాలి అడగదు. కురూపినయ్యాక అందమైన ప్రతిదాన్నీ ద్వేషించిన రోజుల్ని, మట్టిలో పనిచేస్తూ చూపు మార్చుకున్న తీరుని తానే చెప్తుంది. ఆ ద్వేషాన్ని ఓల్గా దాచలేదు.

కానీ అది మానిపోయాక గుర్తు చేసుకుని చెప్పిన మాట. సీత వెళ్లేసరికే తోట పూసి ఉంది. ఏ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి తగ్గింది, నీళ్లలో మొహం చూసుకోవడం ఎన్నిసార్లు మానేసి మళ్లీ ఎన్నిసార్లు చూసుకుంది, ఇవి కథలో లేవు. ఎందుకు లేవు? ఈ కథలో శూర్పణఖ సీతకి దారి చూపాలి. దారి చూపే మనిషి అప్పటికే కోలుకుని ఉండాలి. కథ నిర్మాణమే ఆమెని ఆ నెలల అవతలి ఒడ్డున నిలబెట్టింది. సీత వైపునుంచి చూస్తే అది సబబే. శూర్పణఖ వైపునుంచి చూస్తే అదొక భారం. ఇన్నేళ్లూ క్లాసులో ఈ కథని విజయగాథగా చెప్పి, ఆ భారాన్ని ఇంకా పెంచినదాన్ని నేనే.

ఇది ఓల్గాని తప్పుపట్టడం కాదు. నా గాయాన్ని శూర్పణఖ గాయం పక్కన పెట్టడం అంతకన్నా కాదు. ఆమెది శిక్ష, నాది డబ్బు కట్టి కొనుక్కున్నది. కానీ మన చదువులో, మన సభల్లో, చైతన్యం పొందేసిన స్త్రీకే మాట్లాడే చోటుంది. ఒక పక్క తగ్గి ఇంకో పక్క ఉబ్బి ఉన్న స్త్రీ బాగయ్యాక రావాలి. పాఠం చెప్పే మనిషిని కనక నాకూ అద్దం బెంగ లేదన్నట్టు నటించాను. నా అబద్ధం అక్కడ పుట్టింది.

ఈ ఫిబ్రవరిలో ‘సమాగమం’ చెబుతుంటే ఒకమ్మాయి లేచి “తోట పెంచకముందు ఆమె ఎలా బతికింది మేడమ్?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నా రెండో సగం చెప్పాను. క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత వెనక బెంచీలోంచి ఒక గొంతు, “ఇప్పుడు బావుంది మేడమ్” అంది. నాకు సంతోషం వేసింది. వేయకూడదనుకున్నా వేసింది.

ఇప్పటికి పది నెలలు. రాత్రిళ్లు నోరు మూసుకునే నిద్రపోతున్నాను. పొద్దున లేచేసరికి కుడిపక్క ఇంకా కొంచెం బరువుగా ఉంటోంది. ఫొటోలు తీయడం వారానికొకసారికి తగ్గింది.