రెక్కల ఖరీదు

సైన్స్ ఫిక్షన్‌లో రెక్కల జాతిని పుట్టించడం సులువనుకునేవాళ్లు ఎక్కువ. మనిషి బొమ్మ గీసి, వీపున రెండు రెక్కలు అతికిస్తే గ్రహాంతరవాసి తయారు! 1934లో మొదలైన ఫ్లాష్ గోర్డన్ బొమ్మల కథల్లో వల్టన్ ఏలిన డేగమనుషులు అలా పుట్టినవాళ్లే. తొలినాళ్ల ముచ్చట అది, తప్పు పట్టనక్కర్లేదు. అసలు పనితనం మాత్రం వేరే చోట ఉంది. ఎగరడానికి ఒంటికి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టాలి, ఆ ఖర్చులోంచే ఆ జాతి కాపురాన్నీ కట్టుబాట్లనూ దేవుణ్నీ రాబట్టాలి. ఈ విద్యలో రచయిత పోల్ ఆండర్సన్‌ను మించినవాడు లేడన్నది నా పక్షం. పక్షపాతమన్నా నాకు అభ్యంతరం లేదు.

లెక్క ఎక్కడ బిగుస్తుందో చూడండి. ఒక ప్రాణి కొలతలన్నీ రెట్టింపైతే రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. మన బట్టమేక పిట్ట బంధువులు, ఇప్పుడు ఎగిరే పక్షుల్లో అతి బరువైనవి, సుమారు 20 కిలోల దగ్గరే ఆగిపోయింది ఇందుకే. మరి బుద్ధిజీవి ఎగరాలంటే? ఆండర్సన్ ఒకటి కాదు, రెండు దారులు వేశాడు. 1958 నాటి ‘ద మ్యాన్ హూ కౌంట్స్’లో గ్రహాన్నే మార్చాడు. డయోమెడెస్ మీద గాలి చిక్కన, అందుకే అక్కడ మనిషంత ప్రాణి ఎగరగలదు. ఆ గ్రహంలో లోహాలు లేవు, కాబట్టి యుద్ధాలన్నీ రాతితోనూ కర్రతోనూ. రెండో దారిలో శరీరాన్ని మార్చాడు. ఆయన పుట్టించిన మరో రెక్కల జాతి ఇత్రియన్లు. వాళ్ల ఒంటికి రెండు పక్కలా మొప్పల్లాంటి అవయవాలుంటాయి. రెక్క కొట్టినప్పుడల్లా అవి కమ్మరి కొలిమితిత్తిలా గాలిని లాగి నేరుగా నెత్తురుకు అందిస్తాయి. ఒకప్పటి కాళ్లే వాళ్లకు చేతులయ్యాయి. నేలమీద నడవాలంటే రెక్కల కీళ్ల దగ్గరి పాదాలమీద తంటాలు పడాలి. ఆకాశంలో రాజసం, నేలమీద అవస్థ. ఆ అవస్థను దాచకపోవడమే గొప్ప శిల్పి లక్షణం.

ఇక్కణ్నుంచి ఆండర్సన్ చేసే అల్లిక చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. అంత మంట మండే ఒంటికి మాంసం కావాలి. మాంసానికి వేట కావాలి, మందలు కావాలి, వాటికి విశాలమైన నేల కావాలి. అందుకే ఇత్రియన్లు పలచగా బతుకుతారు, గుంపుగా ఊళ్లు కట్టుకోవడం వాళ్ల ఒంటికి సరిపడదు. నెత్తిన కూర్చునే ప్రభుత్వం లేదు. చోథ్ అనే తెగలాంటి సమూహం ఉంటుంది, ఒక్కో చోథ్‌ది ఒక్కో ఆచారం. పెద్ద విషయమైతే స్వతంత్రులందరూ సభకు ఎగిరొస్తారు. వేటాడే జాతి కదా, దేవుడూ వేటగాడే. చావు ఆయన వేటు, దానికి లొంగిపోవడంలో గౌరవం లేదు, ఎదురు నిలిచి పోరాడి పడడంలోనే ఉంది. ఊపిరి దగ్గర మొదలైన దారం ఎక్కడా తెగకుండా దేవుడిదాకా సాగింది! 1978 నాటి ‘ద ఎర్త్ బుక్ ఆఫ్ స్టార్మ్‌గేట్’లో ఇంకో అడుగు వేసి, మనుషుల కథలకు ముందుమాటలు ఇత్రియన్ చేతే చెప్పించాడు.

ఇంత నేర్పు కళ్లముందుండగా తెరమీదకు వస్తున్నదేమిటి? 1999 స్టార్ వార్స్ సినిమాలో వాటో అనే వ్యాపారి బానపొట్టేసుకుని ఈగంత రెక్కలతో గాలిలో తేలతాడు. ఆ రెక్కలు అతని సంసారాన్ని గానీ నమ్మకాన్ని గానీ రవ్వంతైనా మార్చవు. ఊడబీకినా కథకు నష్టం లేదు. రొమ్ము కండ లేని వీపుకు ఈకలు అంటించిన దేవదూతల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇది అలంకారం, సృష్టి కాదు. కంప్యూటర్‌లో ఈక ఈకా దిద్దే ఓపిక ఉన్నవాళ్లకు, ఆ ప్రాణి ఏం తింటుందని అడిగే ఓపిక లేదా?

కథకు భౌతికశాస్త్రం ఎందుకు, గరుత్మంతుడి బరువెంతని ఎవరైనా అడిగారా అని కొందరంటారు. నిజమే, అడగలేదు. కానీ సంపాతి రెక్కలు సూర్యుడి వేడికి కాలిపోయాయి, రెక్కకు వెల ఉందని ఆ కథకూ తెలుసు. ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది: శరీరమే సంస్కృతిని రాసేస్తే, ఆ ప్రాణులు కీలుబొమ్మలు కారా? దీనికి జవాబు ఆండర్సన్ పుస్తకాల్లోనే ఉంది. డయోమెడెస్ మీద ఏటా వలసపోయే జాతికి సంతాన రుతువు ఒకటే, ఓడలమీద స్థిరపడ్డ జాతికి ఏడాది పొడవునా సంతానమే. ఒకరినొకరు పశువులని అసహ్యించుకుంటారు. తీరా చూస్తే పుట్టుకలో తేడా లేదు, తేడా అంతా వలస శ్రమలో ఉంది. 1973 నాటి ‘ద పీపుల్ ఆఫ్ ద విండ్’లో రెక్కల్లేని మనుషులే చోథ్‌లలో చేరి ఇత్రియన్ పేర్లు పెట్టుకుంటారు. శరీరం సరిహద్దు గీసింది, దాన్ని దాటాలని తపించేవాళ్లు కథయ్యారు.

ఆండర్సన్ స్త్రీ పాత్రల్ని సరిగా చూడలేదనే ఫిర్యాదును మాత్రం నేను కొట్టిపారేయను. అక్కడ రచయిత్రి ఉర్సులా లెగ్విన్‌దే పైచేయి. రెక్కల ఖరీదు కట్టడంలోనూ ఆమె తక్కువేం కాదు. 1966 నాటి ‘రోకానన్స్ వరల్డ్’లో దేవదూతల్లా మెరిసే రెక్కలవాళ్లకు లోపల బుద్ధే ఉండదు, చేతికి చిక్కినవాళ్లను పీల్చేస్తారు. అందమైన రెక్కను చూసి మురిసిపోయే పాఠకుడికి అది చెంపపెట్టు. 2003 నాటి ‘చేంజింగ్ ప్లేన్స్’లోని గ్యిర్ జాతిలో వెయ్యిమందిలో ఒకరికి యవ్వనంలో ప్రాణాంతకమైన జబ్బులా రెక్కలు మొలుస్తాయి. మొలిచినా నమ్మకం లేదు, ఎగురుతుండగా ఎప్పుడైనా పనిచెయ్యడం మానేయొచ్చు. కాబట్టి వాళ్లలో ఒకాయన రెక్కలు బిగించి కట్టేసుకుని, లాయరు పని చేసుకుంటూ, పెళ్లాం పిల్లలతో నేలమీదే కాపురం చేస్తుంటాడు.