కాలితేగానీ కనబడని బంగారం

మా అమ్మ షోకేసులో బంగారు అంచున్న పింగాణీ కప్పులు ఆరుండేవి. పెళ్ళిలో ఎవరో ఇచ్చినవి. నాన్నగారి ఆఫీసు నుంచి పెద్దవాళ్ళెవరైనా వస్తేనే అవి కిందికి దిగేవి. వాళ్ళు వెళ్ళగానే అమ్మే స్వయంగా కడిగి, పాత చీరముక్కతో తుడిచి మళ్ళీ అద్దం వెనక పెట్టేసేది. అంట్లు తోమడానికొచ్చే ఆవిణ్ణి వాటి దరిదాపులకి రానిచ్చేది కాదు. "బూడిదా పీచూ పెడితే బంగారం పోతుందే" అనేది. అది సగం నిజం. ఆవిడకి టీ పోసే గ్లాసు పెరటి గూట్లో విడిగా ఉండేది. అది మిగతా సగం నిజం. ఈ రెండో సగం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కప్పుల్లో అమ్మ కూడా ఏనాడూ టీ తాగలేదు.

ఆ ఆరింటిలో ఒకదానికి అడుగున, చిటికెనవేలి గోరంత ఊదారంగు మచ్చ ఉండేది. అమ్మ చింతపండు పెట్టి రుద్దింది, ఉప్పు పెట్టి రుద్దింది. పోలేదు. పెద్దవాళ్ళకి ఆ కప్పు ఇచ్చేది కాదు. ఐదుగురు వస్తే సరే, ఆరుగురొస్తే అమ్మకి బెంగ.

ఆ మచ్చ ఏమిటో నాకు అమెరికాలో తెలిసింది. పురుడు పొయ్యడానికి వెళ్ళి, మా అమ్మాయి వారానికోసారి వెళ్ళే మట్టిపని క్లాసుకి ఒకరోజు తోడుగా వెళ్ళాను. ఆ రోజు టీచరు అప్పటికే గ్లేజు వేసి కాల్చిన గిన్నెల మీద లస్టర్ వెయ్యడం చూపించింది. చిన్న సీసా తీసింది. బంగారం అన్నారు గానీ లోపలున్నది ముదిరిన బెల్లంపాకంలా నల్లగా, చిక్కగా ఉంది. ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు, కిటికీలన్నీ బార్లా. లావెండర్ నూనె వాసన గదంతా కమ్మేసింది. సన్నటి కుంచెతో అంచు చుట్టూ ఆ నల్లటి గీత గీసింది. "ఇదేం బంగారమే" అన్నాను మా అమ్మాయితో. "కాలాలమ్మా, కాలితేగానీ కనబడదు" అంది.

జరిగేది ఇది. బంగారాన్ని రసాయనికంగా జిగురుతో కలిపి నూనెల్లో కరిగిస్తారు. మూడోసారి, మొదటి కాల్పుల కంటే తక్కువ వేడిలో, ఏడెనిమిది వందల సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర కాలుస్తారు. జిగురూ నూనే కాలిపోయి, గ్లేజుని అంటిపెట్టుకుని పలుచటి లోహపు పొర మిగులుతుంది. ఈ ద్రవ బంగారాన్ని జర్మనీలోని మైసెన్ పింగాణీ ఫ్యాక్టరీలో 1830 ప్రాంతంలో తయారుచేశారు. అంతకుముందు కప్పు మీది బంగారం బట్టీలోంచి మసకగా వచ్చేది. దాన్ని అగేటు రాయితో గంటల తరబడి రుద్ది మెరుగు పెట్టాల్సి వచ్చేది. రుద్దేది ఎక్కువగా ఆడవాళ్ళే.

టీచరు ఒక హెచ్చరిక చేసింది. కుంచె పట్టిన వేలికి పిసరంత అంటుకున్నా, ఆ వేలు గిన్నె మీద ఎక్కడ తగిలితే అక్కడ కాలిన తర్వాత ఊదామచ్చ తేలుతుంది. అంత పల్చబడిన బంగారం బంగారంలా కనబడదు. ఊదాగా కనబడుతుంది. అది లోపం కిందే లెక్క.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. అమ్మ చింతపండు పెట్టి రుద్దింది ఒక మనిషి వేలిముద్రని! ఏ దేశంలో, ఏ ఫ్యాక్టరీలో, రోజుకెన్ని కప్పుల లెక్కన అంచులు దిద్దిన చెయ్యో అది. ఆ కప్పు అడుగున కంపెనీ ముద్ర ఉంది. ఆ చేతికి మాత్రం అక్కడ సంతకమంటూ ఉంటే ఆ మచ్చే.

ఈ ఎరుకతో ఉన్నప్పుడే మా అమ్మాయి బియట్రిస్ వుడ్ ఆత్మకథ 'ఐ షాక్ మైసెల్ఫ్' చేతికిచ్చింది. 1985లో వచ్చిన పుస్తకం. 'టైటానిక్' సినిమా మొదట్లో సారె ముందు కూర్చున్న ముసలావిడ గుర్తుందా? ఆ రోజ్ పాత్రకి దర్శకుడు జేమ్స్ కామెరాన్ కొంతవరకు ఒరవడిగా తీసుకున్నది ఈవిడనే. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్న ఇంట్లో పుట్టి, తల్లి మీద తిరగబడి నాటకాల్లోకి, బొమ్మల్లోకి వెళ్ళి, 1998లో నూట అయిదో ఏట పోయింది. ఆఖరి ఏళ్ళ దాకా మట్టి వదల్లేదు.

ఈవిడ గురించి ఎక్కడ చదవండి, ముందు మగవాళ్ళు వస్తారు. మార్సెల్ డుషాంప్ స్నేహితురాలు, ఆన్రీ పియెర్ రోషే ప్రియురాలు, 'డాడా ఉద్యమానికి అమ్మ'. ఆ ముగ్గురూ కలిసి 1917లో న్యూయార్క్‌లో 'ది బ్లైండ్ మాన్' పత్రిక తెచ్చారు. ఆ ఏడాదే స్వతంత్ర కళాకారుల ప్రదర్శనలో ఆవిడ స్నానం చేస్తున్న స్త్రీ బొమ్మకి నిజం సబ్బుబిళ్ళ అతికించి పెట్టింది. ఇదంతా ఆవిడ ఇరవైల్లో సంగతి. కానీ ఆవిడ సొంత పని మొదలైంది నలభయ్యో ఏట. నూటికి పైబడ్డ ఆయుష్షులో అరవై ఏళ్ళు కొలిమి ముందు గడిపిన మనిషిని, మగవాళ్ళతో గడిపిన కొన్నేళ్ళతో గుర్తుపెట్టుకోవడం ఏం న్యాయం?

ఇందులో లోకం తప్పు ఎంతో, ఆత్మకథ తప్పూ అంత ఉంది. ప్రేమలకీ భగ్నప్రేమలకీ దొరికిన చోటు ఈ పుస్తకంలో కొలిమికి దొరకలేదు. రెండు పెళ్ళిళ్ళు పేరుకే పెళ్ళిళ్ళని, ప్రేమించినవాళ్ళని పెళ్ళాడలేదని, పెళ్ళాడినవాళ్ళతో పడక పంచుకోలేదని ఆవిడ ఏమాత్రం దాచకుండా చెప్పుకుంది. ఆ ధైర్యానికి దండం పెడతాను. కానీ ఒక గ్లేజు కుదరడానికి ఎన్ని గిన్నెలు పగిలాయో, బట్టీ తలుపు తీసిన పొద్దున గుండె ఎలా కొట్టుకుందో ఇంకాస్త చెప్పి ఉంటే బాగుండేది. ఆడదాని జీవితంలో చెప్పుకోదగ్గది ప్రేమేనన్న నమ్మకం, అంత స్వేచ్ఛగా బతికిన మనిషి కలాన్ని కూడా వదల్లేదు.

ఆ మొదలు మాత్రం భలేగా ఉంటుంది. 1930లో జిడ్డు కృష్ణమూర్తి ఉపన్యాసాలు వినడానికి హాలండ్ వెళ్ళింది. మన మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తే. అక్కడ పాత సామాన్ల కొట్లో లస్టర్ మెరుపున్న పళ్ళేలు కొనుక్కుంది. వాటికి జత కుదిరే టీపాట్ కోసం వెతికింది. దొరకలేదు. సరే నేనే చేసుకుంటానని 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దవాళ్ళకి పెట్టే మట్టిపని క్లాసులో చేరింది. టీపాట్ అంత సులువుగా రాలేదు, ఆవిడ మాత్రం కుమ్మరిగా మారిపోయింది. తర్వాత గ్లెన్ ల్యూకెన్స్ దగ్గర, ఆ తర్వాత వియన్నా నుంచి వచ్చిన గెర్‌ట్రూడ్, ఆటో నాట్జ్లర్ దంపతుల దగ్గర నేర్చుకుంది.

ఈ విద్య చరిత్ర తెలిస్తే ఆ రాత్రిబడి క్లాసు విలువ తెలుస్తుంది. లస్టర్ గిన్నెలు తొమ్మిదో శతాబ్దంలో అబ్బాసీల ఇరాక్‌లో మొదలయ్యాయి. అక్కడి నుంచి ఈజిప్టుకి, ఇరాన్‌లోని కాషాన్‌కి, స్పెయిన్‌కి, ఇటలీకి పాకాయి. కాషాన్‌లో అబూ తాహిర్ కుటుంబంలో ఈ పని నాలుగు తరాలు నడిచింది. ఆ ఇంటివాడైన అబుల్ ఖాసిం 1301లో తమ పద్ధతుల మీద ఒక గ్రంథం రాశాడు. అందులో తండ్రి, కొడుకు, మనవడు. రహస్యం మగ వారసత్వంగా దిగుతూ వచ్చింది. బియట్రిస్‌కి ఏ వారసత్వమూ లేదు. ఫీజు కట్టి, నలభైలో అఆలు దిద్దుకుంది.

ఆవిడ లస్టర్ నేను క్లాసులో చూసిన రకం కాదు. లోహ లవణాలు గ్లేజులోనే కలిపేస్తారు. బట్టీలో సరైన దశలో గాలి అందకుండా చేసి పొగ పెడతారు. ఊపిరాడని మంట, గ్లేజులో రాగి, వెండి సమ్మేళనాల్లో ఉన్న ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. మిగిలిన లోహం పైన సన్నని పొరగా తేలుతుంది. ఆ పొగ కోసం ఆవిడ బట్టీలోకి వేసినవాటిలో కలరా ఉండలు కూడా ఉన్నాయట. మనం చీరల మధ్య పెట్టుకునే ఆ తెల్ల ఉండలే!

ఓహైలో ఆవిడ ఇల్లు ఇప్పుడు ఆవిడ పేరున్న కళాకేంద్రం. వెళ్ళి చూశాను. పొడుగుకాడల పానపాత్రలు ఆకుపచ్చ, గులాబి, బంగారు రంగుల మధ్య తేల్చుకోలేనట్టు మెరుస్తున్నాయి. అక్కడే నాకు ఈ వ్యాసం తట్టింది. అక్కడే నేను తప్పటడుగూ వేశాను. నోట్సులో ఇలా రాసుకున్నాను: "పైన పూసిన మెరుపు కాదిది, లోపలి నుంచి వచ్చింది. అలంకరణ కాదు, కళ."

రాత్రి చదువుకుంటే సిగ్గేసింది. అలంకరణని చిన్నచూపు చూసే భాష ఎవరిది? ముగ్గు, కుట్టు, అల్లిక, గోరింట... ఆడవాళ్ళ చేతిలో పుట్టినదాన్నంతా 'పైపై సోకు' అని పక్కన పెట్టిన భాష కాదూ? బియట్రిస్‌ని పైకెత్తడానికి నేను మా అమ్మ కప్పు మీద అంచు దిద్దిన చేతిని కిందికి తోశాను.

ఆ చేతుల చరిత్ర కాస్త చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు స్టాఫర్డ్‌షైర్ పింగాణీ ఫ్యాక్టరీల్లో బొమ్మలు దిద్దే ఆడవాళ్ళు మణికట్టు ఆనించుకునే చెక్క వాడకుండా మగ పనివాళ్ళు అడ్డుపడ్డారు. ఆనుడు లేనిదే సన్నగీత నిలకడగా రాదు. గీత రాకపోతే మంచి కూలి పని రాదు. బంగారం పని మగవాళ్ళ దగ్గరుండిపోయింది. గ్లేజులోని సీసం మాత్రం ఆడవాళ్ళ ఒంట్లోకి కూడా వెళ్ళింది. ఆ విషానికి గర్భస్రావాలయ్యేవి, కళ్ళు పోయేవి.

అదే ప్రాంతంలో వెడ్జ్‌వుడ్ కంపెనీలో 1909లో డైసీ మేకిగ్-జోన్స్ అనే డాక్టరుగారమ్మాయి చేరింది. అందరు ఆడపిల్లల్లాగే పెయింటింగు గదిలో మొదలుపెట్టి డిజైనరయింది. 1915 నుంచి ఆవిడ చేసిన 'ఫెయిరీలాండ్ లస్టర్' యుద్ధకాలంలోనూ ఆ తర్వాతా విరివిగా అమ్ముడుపోయింది. గ్లేజు మీద వేసిన మెరుపే అది. గంధర్వులు, సాలెగూళ్ళు, వంతెనలు, ఆ చుట్టూ బంగారు గీతలు. అభిరుచులు మారాయి, మాంద్యం వచ్చింది. 1931లో కంపెనీ ఇక చాలించమంది. ఆవిడ విన్లేదు. చివరికి యజమానితో గొడవపడి, తన గదిలో మిగిలిన పాత్రలన్నీ పగలగొట్టించి వెళ్ళిపోయిందని చెబుతారు. ఆ కోపం నాకు బాగా అర్థమవుతుంది. కానీ ఆ పాత్రల మీద రంగులు నింపిన ఆడపిల్లలకి పగలగొట్టే హక్కు కూడా లేదు. డైసీకి పేరు మిగిలింది. వాళ్ళకి కూలి మిగిలింది.

బియట్రిస్ దగ్గర కూడా ఈ తేడా కనబడుతుంది. ఇంట్లోంచి పారిపోవడానికి కూడా కాస్త ఆసరా ఉండాలి. ఆవిడ పడ్డ డబ్బు కష్టాలు నిజమే గానీ, చదువు, భాషలు, పరిచయాలు ఆవిడ వెంట నడిచాయి. 1961లో అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశం వచ్చింది. ఆ తర్వాత ఎక్కువగా చీరలే కట్టింది, చేతినిండా వెండి గాజులు తొడిగింది. ఫొటోల్లో చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ చీర కట్టే మన కుమ్మరి ఇళ్ళల్లో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, జల్లిస్తారు, రంగులు వేస్తారు, తట్టలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతారు. సారె మీద చెయ్యి పెట్టడం మాత్రం చాలాచోట్ల నిషేధం. మొల్లని కుమ్మరి మొల్ల అని మురిసిపోతాం. ఆ పద్యాల గురించి మాట్లాడుకున్నంతగా ఆ ఇళ్ళ ఆడవాళ్ళ మట్టిపని గురించి మాట్లాడుకోం. బియట్రిస్ మన దగ్గర చీర తీసుకుంది. ఆవిడ నుంచి మనం తీసుకోవాల్సింది సారె మీద పెట్టిన ఆ చెయ్యి.

ఇన్ని చెప్పాక కూడా ఈ పుస్తకం చదవమంటాను. నలభై దాటాక ఇంకేం నేర్చుకుంటాంలే అనుకునే మనలాంటి వాళ్ళు మరీ చదవాలి. బియట్రిస్ గొప్పదనం బంగారు మెరుపు ఆవిడ లోపల్నించి రావడంలో లేదు. ఎవరూ నేర్పని వయసులో అడిగి నేర్చుకోవడంలో ఉంది. అడిగే వీలు లేనివాళ్ళ మాటేమిటన్నది ఆ పుస్తకం అడగని ప్రశ్న. మనం అడగాలి.

అమ్మ పోయాక సామాన్లు పంచుకున్నాం. మిగతా ఐదూ అక్కయ్య తీసుకుంది. మచ్చ ఉన్నది నేనడిగాను. పెరటి గూట్లో గ్లాసు ఏమైందో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ కూతురు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. దినాల రోజు వచ్చి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె కూర్చుంది గానీ టీ వద్దంది. బలవంతం చెయ్యలేదు. అరవై ఏళ్ళు వేరే గ్లాసు పెట్టిన ఇంట్లో, తాగను అనే హక్కయినా ఆమెకి ఉండాలి కదా.

నేను రోజూ ఆ కప్పులోనే తాగుతున్నాను. పీచు పెట్టే తోముతున్నాను. అంచు మీద బంగారం అక్కడక్కడా పోయింది. అడుగున పీచు అంతగా తగలదు కాబట్టి ఆ వేలిముద్ర మాత్రం అలాగే ఉంది.