యూరియేజ్ సున్నా అట!

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది సోయా చెక్క బస్తాతో వచ్చిన ఓ చీటీ. 'యూరియేజ్: సున్నా' అని పెద్దక్షరాల్లో ఉంది. మా ఊళ్లో కోళ్లఫారం పెట్టిన కుర్రాడు దాన్ని పదో తరగతి మార్కుల కాగితంలా చూపించాడు. "చూడు బాబాయ్, ఇంతకన్నా ఏం కావాలి?"

పచ్చి సోయా కోడికి పడదని ఇక్కడ నేను రాయని ఏడాది లేదు. పురుగు తినకుండా మొక్క గింజలో పెట్టుకున్న కాపలా ట్రిప్సిన్ నిరోధకాలు. కోడి పేగులో మాంసకృత్తుల్ని తెంచే ట్రిప్సిన్‌ను అవి పట్టేసుకుంటాయి. చాల్లేదనుకుని క్లోమం ఇంకా ఊరిస్తుంది, ఉబ్బుతుంది. అలా ఊరించిన ఎంజైముల్లోని గంధకపు అమైనో ఆమ్లాలు రెట్టలో పోతాయి. సోయాలో అసలే మెథియోనిన్ తక్కువ. పెట్ట కాస్త తట్టుకుంటుంది గానీ పిల్ల ఎదుగుదల ఆగిపోతుంది. సోయాను వేడిచేస్తే తప్ప ఎలుకలు ఎదగవని ఆస్బోర్న్, మెండెల్ 1917లోనే చూపించారు.

ఇక ఉలవలు. ఆ మాట రాకుండా నా కాలమ్ ముగియదని మీకు తెలుసు. మా తాత ఎద్దుల కోసం పెద్ద కాగులో ఉడికించేవాడు. గింజ వాటికి, కట్టు మా చారుకి. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి, మెదిగితేనే కాగు దించేవాడు. ఉలవల్లోనూ ఇలాంటి నిరోధకాలే. పాతవాళ్లకు అన్నీ తెలుసని రాసేయాలనిపిస్తుంది. కానీ ఎద్దు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగ్గొట్టేస్తాయి. ఉడికించాల్సింది కోడికి. మా ఇంట్లో దానికెవరూ ఏదీ ఉడికించలేదు. పెంటకుప్ప మీద పురుగులేరుకుని బతికింది.

మరి సున్నా మీద కోపమెందుకు? యూరియేజ్ నిరోధకం కాదు. నిరోధకాల్లాగే వేడికి చచ్చే వేరే ఎంజైమ్. కొలవడం తేలికని దాన్ని సాక్షిగా పిలుస్తారు. యూరియా, ఫినాల్ రెడ్ కలిపిన ద్రావణం చెక్క మీద పోస్తే ఉడకని రేణువుల దగ్గర ఎర్రచుక్కలు పొడుస్తాయి. ఒక్క చుక్కా లేదంటే సరిగ్గా ఉడికి ఉండొచ్చు, మాడిపోయీ ఉండొచ్చు. మాడితే లైసిన్ చక్కెరలతో ముడిపడి కోడికి అందదు. ఇన్నేళ్లూ 'ఉడికించండి' అని అరిచిన నేనే ఇప్పుడు 'ఆపండి' అనాల్సొస్తోంది.

పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మాంసకృత్తులు ఎంత కరుగుతాయో చూస్తే మాడిందీ లేనిదీ తెలుస్తుంది. 70 శాతం కన్నా బాగా తగ్గితే మాడినట్టే. ఆ రిపోర్టు తెప్పించమన్నాను. డీలర్‌కు ఫోన్ చేస్తే, అది ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడట.