కావనా చూడని దీపం

ఐర్లండు నైరుతి అంచున, కేప్ క్లియర్ దీవికి ఆరున్నర కిలోమీటర్ల అవతల, అట్లాంటిక్ అలల హోరులో ఒక నల్లని శిల నిలిచి ఉంది. పేరు ఫాస్ట్‌నెట్. అమెరికాకు వలసపోయే ఓడ వెనక కొండలన్నీ కడలిలో కలిసిపోయాక కంటికి కడసారి ఆనే పుట్టినగడ్డ అదే. ఐర్లండు కన్నీటిబొట్టు అన్నారు దాన్ని. ఆకలికి ఊరొదిలి, అమ్మ చెయ్యి విడిపించుకుని ఓడెక్కినవాళ్లు ఆ బొట్టును ఎన్ని కళ్లతో మోసుకుపోయారో!

ఓ ఏకాంత శిలా, నీ నెత్తిన దీపం ఎంత ఆలస్యంగా వెలిగింది! 1847 నవంబరులో న్యూయార్క్ నుంచి లివర్‌పూల్‌కు వస్తున్న స్టీఫెన్ విట్నీ ఓడ నీ దాపునే దారి తప్పింది. కేప్ క్లియర్ మీద దీపస్తంభం లేకపోలేదు. మరీ ఎత్తున కట్టడంతో మంచు దాన్ని మింగేసేది. కెప్టెన్ ఒక దీపాన్ని చూసి మరో దీపమనుకున్నాడు. ఓడ వెస్ట్ కాఫ్ దీవి రాళ్లకు కొట్టుకుంది. 110 మందిలో 92 మందిని సముద్రం పొట్టన పెట్టుకుంది. ఆ చావులే నీ ప్రమిదకు చమురయ్యాయి. 1854లో ఇనుప స్తంభం మీద తొలి దీపం వెలిగింది. తుపానుకు అది ఊగిపోతుంటే బల్ల మీది కప్పులు జారి పడేవి.

తర్వాత కొత్త దీపస్తంభం కట్టడానికి కార్న్‌వాల్ గ్రానైట్ వచ్చింది. ఒక రాయి మొన పక్కరాయి గాడిలో బిగుసుకునేలా చెక్కిన రాళ్లు, రెండు వేలకు పైగా. వాటిని ఒక్కొక్కటిగా పొందించినవాడు మేస్త్రీ జేమ్స్ కావనా. ఏళ్ల తరబడి ఆ బండ మీదే బతికాడు. 1903 జూన్‌లో చివరి రాయి కూర్చుంది. ఆ వేసవిలోనే జబ్బుపడి కన్నుమూశాడు. దీపం వెలిగింది 1904 జూన్ 27న. అయ్యో కావనా, నీ చేతులు మోసిన వెలుగు నీ కళ్లకు అందలేదే!

ఐదు సెకన్లకోసారి మెరుపు. చీకట్లో చుక్కాని పట్టినవాడు ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఐదో అంకెకు మళ్లీ మెరిస్తే ఊపిరి పీల్చుకుంటాడు: ఇది ఫాస్ట్‌నెట్టే, మరోటి కాదు. విట్నీ కెప్టెన్‌కు దక్కనిది ఆ ఒక్క లెక్కే. అయినా వెలుగు దారి చూపగలదు గానీ అలను ఆపలేదు. 1979 ఆగస్టులో నిన్ను చుట్టి రావాలని బయల్దేరిన పందెపు పడవల మీద తుపాను విరుచుకుపడింది. 15 మంది పోటీదారులు తిరిగి ఇల్లు చేరలేదు.

ఆ రాత్రి కనీసం నీ గదుల్లో మనుషులున్నారు. 1989లో వాళ్లూ వెళ్లిపోయారు. దీపాన్ని యంత్రం చూసుకుంటోంది. వెలుగుకు లోటు లేదు, నిజమే. కానీ దూరాన ఒక పడవ అలల్లో పెనుగులాడుతుంటే, అది ఒడ్డెక్కాలని వేల్పులందరికీ మొక్కుకునే గుండె ఒక్కటైనా నీ దగ్గర లేకపోయిందే!