నీళ్ల పేర్ల దారి

ఆత్మకూరులో శ్రీశైలం బస్సెక్కితే అది దోర్నాల మీదుగా చుట్టుతిరిగి వెళ్తుంది. నూరు కిలోమీటర్ల పైమాటే. ఊరికి దగ్గర్లోని వెంకటాపురం నుంచి అడవిలోకి దిగి నడిస్తే మాత్రం దూరం అందులో సగానికి అటూ ఇటూ. బస్సు దారి కంటే కాలిదారి దగ్గరైన ఊళ్లు ఇప్పుడెన్ని మిగిలాయో గానీ, నల్లమలలో ఈ ఆత్మకూరు-శ్రీశైలం జంట ఇంకా ఉంది. శివరాత్రికీ ఉగాదికీ వేలమంది ఆ దారినే పడతారు.

దారిలో మజిలీలను నడిచేవాళ్లు వేళ్ల మీద లెక్కపెడతారు: నాగలూటి, దామర్లకుంట, పెద్దచెరువు, మఠం బావి, భీముని కొలను. పెద్దచెరువు జనం నోట్లో నలిగి పెచ్చెరువైంది. నాగలూటిని పక్కనపెట్టి మిగతావి ఒకసారి పైకి చదివి చూడండి. కుంట, చెరువు, బావి, కొలను. దప్పికను కొలిచి వేసిన దారి ఇది. మార్చి నెలాఖరుకు నల్లమల ఆకు రాల్చి, రాయి కాగి, నీడ కరువై ఉంటుంది. ఎక్కడ ఆగాలో అప్పుడు కాళ్లు చెప్పవు, గొంతు చెబుతుంది.

ఈ సంగతి ఏనుగుల వీరాస్వామయ్యకు బాగా తెలుసు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, జూన్‌లో శ్రీశైలం చూశాడు. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, అన్నీ ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఉన్నాయి. పల్లకీలూ బోయీలూ పరివారమూ ఉన్న మనిషే అయినా, ఆయన రాత నడిచేవాడి రాతే. ప్రతి మజిలీలో నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అన్నదే ముందు చూస్తాడు. శ్రీశైలం వెళ్లే యాత్రికుల నుంచి కందనూరు (కర్నూలు) నవాబు వసూలు చేసే సుంకం సంగతీ వదిలిపెట్టలేదు. దేవుడి ముచ్చటా పన్ను ముచ్చటా ఒకే చేత్తో రాయగలగడం ఆయనకే చెల్లింది. తెలుగులో యాత్ర రాయబోయేవాళ్లు ముందు ఆయన దగ్గర ఈ నీళ్ల లెక్క నేర్చుకోవాలని ఈ శీర్షిక రాసేవాడి గట్టి అభిప్రాయం.

దారికి అప్పటికే వయసు చాలా ఉంది. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో ఒక ప్రకరణం మొత్తాన్ని శ్రీపర్వతానికి, అంటే శ్రీశైలానికి, అక్కడికి తరలే భక్తజనానికి ఇచ్చాడు.

రాతిమెట్లనగానే సుఖమనుకుంటే పొరపాటు. అసలు పరీక్ష భీముని కొలను దగ్గర. అక్కడ కొండ ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. దిగిందంతా అవతల మళ్లీ ఎక్కితే గానీ కైలాసద్వారం కనిపించదు. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు బరువంతా మోకాలి మీద పడుతుంది, అది నిలబడినా తగ్గదు. అనుభవమున్నవాళ్లు మెట్టుకు ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా, చేతికర్ర ముందు మోపి, చిన్న చిన్న అడుగులతో దిగుతారు. ఈ శీర్షిక రాసేవాడు ముందురోజు కొన్న బూట్లు తొడుక్కుని వెళ్లి, దామర్లకుంట రాకముందే వాటిని చేతపట్టుకున్నాడు. పక్కన అరిగిపోయిన హవాయి చెప్పులతో నడుస్తున్న పెద్దావిడ ఏమీ అనలేదు. చూసి ఊరుకుంది.

ఆవిడది బాగల్‌కోట్ వైపు. ఉగాదికి ఈ దారిలో తెలుగు కంటే కన్నడమే ఎక్కువ వినిపిస్తుంది. విజయపుర, బాగల్‌కోట్, రాయచూరు పల్లెల నుంచి జట్లు జట్లుగా, వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. సంచిలో ఎండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి. తడి తగలకపోతే ఆ రొట్టె వారాలు నిలుస్తుంది, బరువూ ఉండదు. దూరం నడిచే జాతి కనిపెట్టిన తిండి అది. కొందరు మొక్కు ఉండి కర్రకాళ్ల మీద నడుస్తారు. మామూలు కాళ్ల మీదే దిగడానికి అవస్థపడ్డవాడికి వాళ్లను చూడటం అంత సుఖంగా ఉండదు.

ఈ కన్నడ యాత్రికులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. అందుకే చీరా సారె పట్టుకొస్తారు. పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కల్యాణ పట్టణం నుంచి ఈ కొండకే వచ్చిందన్న జ్ఞాపకమూ వాళ్ల వెంట నడుస్తుంది. మరోవైపు పెచ్చెరువు గూడెం దాకా అడవంతా చెంచులది. వాళ్ల లెక్కలో మల్లన్న తమ పిల్లను చేసుకున్న అల్లుడు. ఈ పెళ్లికి రెండువైపులా చుట్టాలున్నారన్నమాట, ఇద్దరికీ మధ్య భాష కలవదు, నీళ్ల దగ్గర మాత్రం కలుస్తారు.

ఇదంతా పులుల అభయారణ్యం గనుక అటవీశాఖ పండుగలకే దారి తెరుస్తుంది. ప్లాస్టిక్ తేవద్దంటుంది. దాతలు అన్నదానం పెట్టిన చోటల్లా కాగితం ప్లేట్లు గుట్టపడటం మాత్రం కళ్లకు కనిపిస్తుంది. జొన్నరొట్టెకు ప్లేటు అక్కర్లేదు.

కైలాసద్వారం దాటి, హాటకేశ్వరం చేరేసరికి తారురోడ్డు వచ్చేస్తుంది. హారన్లు, టీ కొట్లు, సెల్‌ఫోన్‌కు సిగ్నల్. దర్శనమయ్యాక నడిచొచ్చినవాళ్లలో చాలామంది బస్సే ఎక్కుతారు. పెద్దావిడ కిటికీ పక్క సీటు పట్టుకుంది. సంచిలోంచి మిగిలిన రొట్టె తీసి సగం విరిచి, బూట్లు ఒళ్లో పెట్టుకున్న మనిషి చేతిలో పెట్టింది. బస్సు ఘాట్ దిగి దోర్నాల చేరకముందే నిద్రపోయింది.