ఎదురెదురు పేజీల నడుమ మా పిల్లలు

పట్నం నుంచి బీజాపూర్ తొవ్వ పట్టుకుంటే మొయినాబాద్, దాని తర్వాత చేవెళ్ల. పొద్దున ఈ తొవ్వ మీద నిలబడి చూడండి. పట్నం పిల్లల్ని మోసుకొచ్చే పసుపుపచ్చ బస్సులు వరసకడతాయి. ఫాంహౌస్‌ల పక్కన, పూలతోటల నడుమ లేచిన పెద్ద ఫీజుల బడులకు పోతాయి. ఆ ఫాంహౌస్‌ను కాసే వాచ్‌మన్ బిడ్డ, ఆ తోటలో గులాబీలు తెంపే ఆమె బిడ్డ తొవ్వ దాటి సర్కారు బడికి నడుస్తారు. వాళ్లలో మా పిల్లలూ ఉన్నారు.

ఈ పిల్లల చదువును ఆధునికం చేస్తున్నామన్నారు. 2022లో 'మన ఊరు - మన బడి' పేరుతో 26,065 బడులకు 7,289 కోట్ల అంచనా వేశారు. అదే ఏడు ఆగస్టులో చిన్న తరగతులకు 'తొలిమెట్టు' తెచ్చారు. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. వీటిని నేను తీసిపారేయను. గోడకు సున్నం, ఆడపిల్లకు మరుగుదొడ్డి ముఖ్యం కాదనేది కడుపు నిండినోళ్ల మాట. ఇంగ్లీషు మాకొద్దని కూడా అనను. తమ పిల్లల్ని పసుపుపచ్చ బస్సెక్కించి, మాకు మాతృభాష గొప్పతనం చెప్పేవాళ్లను చాలామందిని చూశాం.

నా పేచీ వేరే. ఇంగ్లీషు మీడియంతో పాటు రెండు భాషల పాఠ్యపుస్తకం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆలోచన మంచిదే. తెలియని దానికి తెలిసిన దాన్నుంచే మెట్టు కట్టాలని ఒప్పుకున్న పుస్తకం అది. మరి ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లకు ఆ రెండు పేజీల్లో ఏది తెలిసిన పేజీ? ఇంగ్లీషు పేజీ సరే, ఎదురు పేజీలోని తెలుగు కూడా ఆమె వాకిట్లో విన్న తెలుగు కాదు. రెండు పేజీలకూ ఆమె పరాయిదే.

నేను చదువుకున్న పల్లె బడిలో సారు 'ఎందుకు రాలేదు' అంటే నా నోట 'కైకు' అన్న మాట దొర్లింది. క్లాసంతా నవ్వింది. సారూ నవ్విండు. ఆ రోజునుంచి బడిలో నోరు మూసుకోవడం నేర్చుకున్న. మార్కులొచ్చాయి, మాట పోయింది.

ఆ సారుకు ఒక సంగతి తెలిసుంటే నవ్వేవాడు కాదు. 'ఆతూఁ బోల్‌కే బోల్యా' అంటుంది మా పిల్ల. 'వస్త అని చెప్పిండు' అంటుంది పక్కింటి పిల్ల. తెలుగులో 'అని' ఉన్నచోటే దక్కనీలో 'బోల్‌కే' ఉంది. ఢిల్లీ ఉర్దూ వాక్యం ఇట్ల నడవదు. శతాబ్దాలు ఒకే వాకిట్లో బతికిన రెండు భాషలు ఒకదాని నడక ఒకటి నేర్చుకున్నాయి. మా పిల్ల తెలుగు వాక్యం నడకను ఇంటి నుంచే తెచ్చుకుంటుంది. దాన్ని తప్పని కొట్టేసి 'వెనుకబడ్డ విద్యార్థి' అని రాసుకోవడమేనా ఆధునిక బోధన?

దవాఖాన, కైంచి, జాగ అంటే తెలంగాణ పిల్లల్ని కూడా ఒకప్పుడు ఇట్లాగే నవ్విండ్రు. ఆ నవ్వు మీద కోపం రాష్ట్ర ఉద్యమంలో ఒక నిప్పు అయింది. 2014లో రాష్ట్రం వచ్చింది. ఆ మాటలకు గౌరవం వచ్చింది. ఆ మాటలు ఏ ఇంటి నుంచి వచ్చాయో ఆ ఇంటి పిల్ల మాత్రం ఇంకా బడి బయటే ఉంది.

నిజాం రాజ్యంలో ఉర్దూలో చదవాల్సొచ్చిన తెలుగు పిల్లల గోసను ఆంధ్ర మహాసభ ఎత్తిపట్టింది. అది న్యాయమైన కొట్లాట. బిడ్డ భాషలో బిడ్డకు చదువు చెప్పాలన్న ఆ న్యాయమే నేనూ అడుగుతున్న. గద్దె మీద కూర్చున్న ఉర్దూ వేరు, గులాబీ తోటలో కూలి చేసే దక్కనీ వేరు. ఆ లెక్కను ఈ పిల్లల ఖాతాలో రాయకండి.

మా పెద్దమనుషులనూ అడగాలి. మాది 'గల్లీ జబాన్' అని మొదట నవ్వింది పట్నంలోని మా ఖాన్‌దానీలే. ముసల్మాను అంటే ఉర్దూ అని వాళ్లు కట్టిన లెక్కలో దూదేకుల పిల్లలు ఎక్కడ? వాళ్ల ఇంటి భాష తెలుగే. ఇక బయటివాళ్లకు ముసల్మాన్ చదువంటే మదర్సాయే. 2006లో సచార్ కమిటీ చెప్పింది: బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది నూటికి ముగ్గురే. మిగిలినవాళ్ల సంగతి ఎవరు మాట్లాడాలి?

2016లో 71 మైనారిటీ గురుకులాలు మొదలై తర్వాత 204 అయ్యాయి. ఎందరో ఆడపిల్లలు వాటితో గడప దాటారు. మంచిదే. కాని సీటు రాని పిల్ల ఊరి బడిలోనే ఉంటుంది. ఆ బడిని మార్చకుండా చదువు మారిందనలేం.

2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువన్నది. 'వీలైన చోట' అన్న మాటలోనే మా పిల్లలు జారిపోతారు. మాకు వేరే పుస్తకం అచ్చేయమని అడగడం లేదు. సార్లకిచ్చే శిక్షణలో ఒక్కరోజు దక్కనీ కోసం పెట్టండి. ఒకటో తరగతిలో పిల్ల తన ఇంటి మాటల్లో కథ చెబితే వినండి. అదే వాక్యాన్ని తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి నడిపించండి. దీనికి కోట్లు అక్కర్లేదు. మా పిల్ల 'కైకు' అని అడిగినప్పుడు నవ్వకుండా జవాబు చెప్పే సారు కావాలి.