మాన్యువల్ లేని బండి

2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో ‘బుజ్జి’ అనే బండి జనం ముందుకొచ్చినప్పుడు అందరూ దాని ఆకారం చూశారు. బండి పనివాళ్ల చూపు మాత్రం లోపలి వైరింగ్ మీదికి పోతుంది. ‘కల్కి 2898 ఏడీ’ సినిమా కోసం దర్శకుడు నాగ్ అశ్విన్ 2022లో ఆనంద్ మహీంద్రాను సాయం అడిగారు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరులోని జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి ఆ బండిని కట్టారు. దాదాపు 6 టన్నుల బరువు, ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, 47 కిలోవాట్ అవర్ బ్యాటరీ. సినిమా కోసం ప్రత్యేకంగా కట్టింది కనుక అది మొరాయిస్తే షోరూమ్ మాన్యువల్ ఉండదు. కట్టినవాళ్లు గీసుకున్న వైరింగ్ బొమ్మే దిక్కు.

ఇదే అవస్థ చిన్న స్థాయిలో హైదరాబాద్ రహమత్ నగర్ గల్లీల్లోనూ ఎదురవుతుంది. పాత జీపుకు ఎవరో ఎప్పుడో బయటి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంట్రోల్ డబ్బా) బిగించి, సెన్సార్ల వైర్లు తోచినట్టు అతికించి పోతారు. చేసినవాడు ఊళ్లో ఉండడు. స్కానర్ పెడితే పలకదు. గల్లీలో బాగానే నడిచిన బండి జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేసరికి ఆగిపోతుంది.

అప్పుడు చాలామంది ఈసీఎం మార్చేయిస్తారు. అంతకంటే ఖరీదైన తొందరపాటు లేదు.

నేర్పున్న ఎలక్ట్రీషియన్ ముందు ఎర్త్ చూస్తాడు. వైరులో ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ ఓమ్స్‌లో అంతా బాగుందనే చూపిస్తుంది. అందుకే ఫ్యాను, హెడ్‌లైట్లు వేసి, ఈసీఎం ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజీ కొలుస్తాడు. 0.1 వోల్టు దాటితే అనుమానించాల్సిందే.

మూడు నాలుగు సెన్సార్లు ఒక్కసారే తప్పు చూపిస్తే, అన్నీ ఒకే రోజు పాడయ్యాయని నమ్మకూడదు. చాలా సెన్సార్లకు ఈసీఎం నుంచే 5 వోల్టులు వెళ్తాయి. ఒకటి లోపల షార్టయితే మిగతావాటికీ ఆ సరఫరా పడిపోతుంది. ఒక్కో కప్లరూ పీకుతూ మీటరు చూస్తుంటే, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో తప్పు అక్కడుంది. ఏది పీకినా రాకపోతే వైరులోనో, ఈసీఎంలోనో వెతకాలి.

ఈసీఎం లాంటి కంట్రోల్ డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైనును బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. మెలితిరిగిన రెండు తీగలు, రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు. బ్యాటరీ తీసి ఆ తీగల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, లేదా అక్కడ రెసిస్టరే పెట్టలేదు. సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ ఎక్కడో తాకాయి. ఇంత తేలికైన పరీక్ష చేయకుండా వేలు ఖర్చుపెట్టించడం అన్యాయం.

వానాకాలం బాధ వేరు. కప్లర్‌లో నీళ్లు చేరి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. బండి గుంతలో పడితేనో, ఇంజిన్ వేడెక్కితేనో తప్ప లోపం బయటపడదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి వైర్ల కట్టను జానెడు జానెడు కదుపుతూ వెతకాలి, ఓపికగా. ఎలక్ట్రిక్ బండ్లలో మాత్రం నారింజ రంగు తీగల జోలికి శిక్షణ లేనివాళ్లు పోనేకూడదు. వాటిలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

మీ బండికి కొత్తగా ఏ కంట్రోల్ డబ్బా బిగించినా, డబ్బు చేతికిచ్చే ముందు వైరింగ్ బొమ్మ గీయించుకోండి. ఏ రంగు వైరు ఏ పిన్నుకు వెళ్లిందో, ఎర్త్ ఎక్కడ బిగించారో రాయించి, ఆ కాగితాన్ని బండి పత్రాలతోపాటే ఉంచండి.